తీగ గులాబీ పూయట్లేదా? అయితే దాన్ని పడుకోబెట్టండి

మా ఇంటి ముందు తీగ గులాబీ వేసి మూడేళ్ళు దాటినా పువ్వు కనపడేది కాదండి. ఆకు మాత్రం దిట్టంగా ఉండేది, తీగలు డాబా ఎక్కి పిట్టగోడ దాటి పైకి పోయి ఆ కొసన నాలుగు పువ్వులు పూసేవి, వీధిలో నుంచుని చూస్తే మనకి వాటి వెనకభాగమే కనపడేది. మా అమ్మైతే "కాకుల కోసం పెంచావేంట్రా గులాబీ" అనేది. ఎరువు చాలట్లేదేమో అని ఇంకో రెండు గంపలేశా, ఇంకా పైకి పోయింది. ఆఖరికి ఓసారి రాజమండ్రి దగ్గర కడియం వెళ్ళినప్పుడు ఒక నర్సరీలో అంట్లు కడుతున్న పెద్దాయన్ని "బాబాయ్, తీగ గులాబీ పూయట్లేదు, ఏం వెయ్యమంటావ్" అని అడిగితే ఆయన తల కూడా ఎత్తకుండా "వెయ్యడం కాదు బాబూ, వంచు" అన్నాడు. ఆ ఒక్క ముక్క ముందే తెలుసుంటే మూడేళ్ళు మిగిలేవి. అందుకే ఇదంతా మొదట్నుంచీ చివరిదాకా రాస్తున్నా, మన గోదావరి నేలకి, మన వాతావరణానికి ఎలా చెయ్యాలో అలాగే. యూట్యూబులో చలి దేశాల వాళ్ళు చెప్పేది చూసి ఫిబ్రవరిలో కత్తిరిస్తే మనకి కుదరదు.

మొక్క కొనేటప్పుడు

కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, ఆ రోడ్డంతా నర్సరీలే కాబట్టి మొక్క దొరక్కపోవడం ఉండదు, కాకపోతే "తీగ గులాబీ ఉందా" అంటే ఉందనే చెప్తారు, ఏదో ఒకటి చేతిలో పెడతారు. నేను మొదటిసారి తెచ్చుకున్నది అలాగే రెండడుగుల దగ్గర ఆగిపోయింది, మామూలు పొద గులాబీ. కాబట్టి పేరు అడగండి. మొక్కకి పొడుగ్గా, మెత్తగా వంగే తీగ కనీసం ఒకటైనా ఉందో లేదో చూడండి, వీలైతే పువ్వుతో ఉన్నదే తీసుకోండి. తెలుపు కావాలంటే క్లైంబింగ్ ఐస్‌బర్గ్, ఇది 1958లో జర్మనీలో వచ్చిన ఐస్‌బర్గ్ పొదకి తీగ రూపం, ముళ్ళు తక్కువ, గుత్తులు గుత్తులుగా పూస్తుంది. పసుపు కావాలంటే గోల్డెన్ షవర్స్, ఎండకి రంగు త్వరగా వెలిసిపోద్ది గానీ ఆగకుండా పూస్తుంది. ఎరుపులో కాక్‌టెయిల్, అయిదు రేకులే ఉంటాయి, మధ్యలో పసుపు, ముద్ద గులాబీ ఇష్టపడేవాళ్ళకి నచ్చదు, నాకైతే భలే ఇష్టం. ఢిల్లీ పూసా వ్యవసాయ పరిశోధన సంస్థ వాళ్ళ ఢిల్లీ వైట్ పెర్ల్ కూడా ఉంది, దొరికితే వదలొద్దు. ఏడాదికోసారి పూసే రాంబ్లర్ రకాలు మాత్రం మనకొద్దండి, వాటికి గట్టి చలి కావాలి, మనకి ధనుర్మాసంలో కూడా దుప్పటి సగం కప్పుకుంటే చాలు కదా.

అంటు కట్టిన చోటు చూడండి, అక్కడ కొంచెం బుడిపెలా ఉంటుంది, దాని కింద నుంచి చిగుర్లు వస్తున్న మొక్క వద్దు. ఆ కింద వచ్చేది మనం కొన్న గులాబీ కాదు, అంటు కోసం వాడిన అడవి గులాబీ. అది పెరిగితే పైదాన్ని తినేస్తుంది. ఇంట్లో నాటాక కూడా అలాంటి పిలక ఎప్పుడొచ్చినా కత్తెరతో కొయ్యకుండా మట్టి పక్కకి లాగి మొదలుకంటా చేత్తో పీకెయ్యాలి, కోస్తే ఒకటి పోయి మూడొస్తాయి.

చోటు, మట్టి

పొద్దున్నే ఎండ తగిలే తూర్పు వైపైతే బంగారం. అయిదారు గంటల ఎండ తప్పనిసరి. పడమర గోడకి పెడితే రోహిణి కార్తెలో గోడ పెనంలా కాలిపోయి తీగలు వెనకవైపు మాడతాయి, అక్కడ తప్ప చోటు లేకపోతే గోడకి ఇంకొంచెం ఎడం ఇవ్వండి. కొబ్బరిచెట్టు కింద అసలొద్దు. కోనసీమలో కొబ్బరి నీడ పడని చోటు వెతకడం కష్టమే, నాకు తెలుసు, కానీ నీడ సంగతి అలా ఉంచి పైనుంచి ఒక్క మట్ట పడిందంటే రెండేళ్ళ కష్టం నేలపాలు.

మట్టి దగ్గరే మనవాళ్ళు ఎక్కువ తప్పు చేస్తారు. అన్ని పుస్తకాల్లోనూ రెండడుగుల గొయ్యి తియ్యమని ఉంటుంది. రాజమండ్రి పైన ఎర్రమట్టి నేలల్లో అది సరే. కాలవల కింద నల్ల బంకమట్టిలో గొయ్యి తీస్తే అది గొయ్యి కాదండి, తొట్టి. శ్రావణంలో వాన పడితే నీళ్ళు అందులోనే నిలబడి వేళ్ళు కుళ్ళిపోతాయి, పైకి చూస్తే ఆకులు వాడిపోయి నీళ్ళు చాలనట్టే ఉంటుంది, మనం ఇంకో బకెట్ పోస్తాం, దాంతో సరి. అందుకని గొయ్యి బదులు మెరక చెయ్యండి. నాలుగడుగుల వెడల్పు, ఒకటింపావు అడుగు ఎత్తు, చుట్టూ పాత ఇటుకలో కొబ్బరి డొక్కలో పేర్చి, సగం లంకమట్టి (గోదావరి లంకల్లో దొరికే ఒండ్రుమట్టి), పావు వంతు బాగా మాగిన పశువుల ఎరువు, మిగతాది ఇసక, కాలిన ఊక. కొబ్బరి పొట్టు కలపాలనుకుంటే రెండు మూడు సార్లు మంచినీళ్ళతో కడిగి పిండి వెయ్యండి, దాంట్లో ఉప్పు ఉంటుంది. ఇంకో 200 గ్రాముల వేపపిండి, రెండు గుప్పిళ్ళు ఎముకల పొడి. పచ్చి పేడ మాత్రం వెయ్యొద్దు, వేడి చేస్తుంది, చెదలు కూడా పడతాయి.

నర్సరీ మొక్క వేళ్ళ చుట్టూ ఎర్రమట్టి ముద్ద గట్టిగా ఉంటే అలాగే పాతెయ్యకండి. బకెట్ నీళ్ళలో కాసేపు పెట్టి బయటి పొర మెత్తబడ్డాక వేళ్ళతో మెల్లగా వదులు చేసి నాటండి, లేకపోతే వేళ్ళు ఆ ముద్దలోనే ఏడాది తిరుగుతాయి. గోడకి అడుగున్నర దూరంలో, మొక్కని కొంచెం గోడ వైపు వాల్చి నాటాలి. అంటు కట్టు మట్టికి రెండంగుళాలు పైనే ఉండాలి.

పందిరి ముందు, మొక్క తరవాత

దొండపాదుకీ ఆనపపాదుకీ వేసినట్టు నాలుగు కర్రలు పాతి తర్వాత చూద్దాంలే అనుకోకండి. ఆనపపాదుకి నులితీగలుంటాయి, అదే పట్టుకుని ఎక్కుద్ది, ఏడాది తిరక్కుండానే పీకేస్తాం. గులాబీకి నులితీగ లేదు. పాకడం దానికి రాదు, ఆ ముళ్ళతో పక్క కొమ్మలకి చిక్కుకుని నిలబడుద్ది, అంతే, పేరుకే తీగ. కట్టాల్సింది మనమే, ఆ కట్టింది పదీ పదిహేనేళ్ళు ఉండాలి.

గోడకైతే హుక్కులు బిగించి జీఐ తీగ, అంటే జింకు పూత వేసిన ఇనప తీగ, అడ్డంగా లాగించండి. మొదటి వరస నేల నుంచి అడుగున్నర ఎత్తులో, అక్కణ్ణుంచి అడుగుకొకటి చొప్పున అయిదు వరసలు. ఈ ఇనప తీగకీ గోడకీ మధ్య నాలుగు వేళ్ళు దూరేంత ఖాళీ ఉండాలి, గాలి ఆడకపోతే తెగుళ్ళన్నీ అక్కడే కాపురం పెడతాయి. గేటు మీద ఆర్చి కావాలంటే వెల్డింగ్ షాపులో జీఐ పైపుతో చేయించి కాళ్ళు కాంక్రీటులో పాతించండి. సరుగుడు బాదులు చవకే, చూడ్డానికీ బావుంటాయి, కాకపోతే రెండు మూడు వానాకాలాలకి నేలలో ఉన్న భాగం చివికిపోద్ది. 1996 నవంబర్ 6 తుఫాను చూసినవాళ్ళకి గాలి గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, కొబ్బరితోటలకి తోటలే పడుకున్నాయి కదండీ. ఆకులతో నిండిన గులాబీ పందిరి గాలికి తెరచాపలాంటిది, మనవైపు తుఫాన్లు ఎక్కువగా వచ్చేదీ అక్టోబరు నవంబర్లలోనే.

మొదటి ఏడాది

ఏం చెయ్యొద్దు. అదే కష్టం. కత్తెర దాచెయ్యండి. ఎండిపోయింది, విరిగింది తప్ప ఏదీ కొయ్యకండి, ముఖ్యంగా క్లైంబింగ్ అని పేరు ముందున్న రకాలు పొద గులాబీ నుంచి వచ్చినవి, వాటిని మొదట్లోనే మొదలుకంటా కత్తిరిస్తే మళ్ళీ పొద అయిపోయే ప్రమాదం ఉంది. తీగలు పొడుగవుతుంటే వదులుగా కట్టుకుంటూ పోండి చాలు. మొగ్గలొస్తే పూయనివ్వండి, పొడుగు కాడతో మాత్రం తుంపొద్దు.

ఇప్పుడు అసలు పని, వంచడం

తీగ నిలువుగా ఉన్నంతకాలం కొసన ఉన్న చిగురే రాజు. అది ఆక్సిన్ అనే రసాయనాన్ని కిందకి పంపుద్ది, దాంతో కింద కణుపుల్లో ఉన్న కన్నులన్నీ, అంటే కొత్త కొమ్మ మొలిచే చోట్లన్నీ, నిద్రపోతాయి. పై తూము దగ్గరోళ్ళు నీళ్ళన్నీ లాగేసుకుంటే శివారు చేలు బీటలేసినట్టు. అదే తీగని అడ్డంగా పడుకోబెడితే ఏ కన్నూ ఇంకోదానికంటే ఎత్తులో ఉండదు, మట్టం చేసిన చేలో నీళ్ళు పారినట్టు ప్రతి కణుపు దగ్గరా కన్ను లేస్తుంది, ఆ లేచిన ప్రతి కొమ్మ చివరా మొగ్గ. మా తీగల్లో ఆరడుగులది ఒకటి నిలువుగా ఉన్నప్పుడు నాలుగు పువ్వులిచ్చింది, పడుకోబెట్టిన ఏడు దాని మీద 19 కొమ్మలు లేచాయి, నేనే లెక్కపెట్టా.

రెండో ఏడు, వానలు తగ్గాక మొదలుపెట్టండి. ముందురోజు నీళ్ళు పోయొద్దు. మధ్యాహ్నం దాటాక చెయ్యండి, ఆ టైంకి తీగ కొంచెం సడలి ఉంటుంది, పొద్దున్నే నీరు పట్టి నిగనిగలాడుతున్నప్పుడు వంచితే టప్పున విరుగుద్ది. పొడుగు చేతుల చొక్కా, తోలు గ్లౌజులు వేసుకోండి, మా బావలాగా "ఏమవుద్దిలే" అని బనీనుతో దిగకండి, ఆ సాయంత్రమంతా అక్కయ్య ముళ్ళు తీస్తూనే ఉంది.

అన్నిటికంటే లేత తీగ, పచ్చగా చూపుడువేలు లావున్నది, ముందు తీసుకోండి. మొదలు దగ్గర ఒక చెయ్యి ఆనించి రెండో చేత్తో కొంచెం కొంచెంగా వాల్చండి, ఒక్కసారే పడుకోబెట్టక్కర్లేదు, ఈవారం సగం వాలు, కట్టండి, పదిరోజులాగి ఇంకొంచెం. విసనకర్ర ఈనెల్లాగా ఒకటి కుడికి ఒకటి ఎడమకి, కింద తీగలు దాదాపు నేలకి సమాంతరంగా, పైవి కొంచెం వాలుగా. రెండు తీగల మధ్య అడుగు ఖాళీ ఉంచండి, ఇప్పుడు బోసిగా కనపడుద్ది గానీ పక్కకొమ్మలు లేచాక ఆ అడుగూ చాలదు. ముదిరి గోధుమరంగులోకి వచ్చిన లావు తీగతో మాత్రం కుస్తీ పట్టకండి, అది వంగదు, దాన్ని వచ్చే ఏడు మొదలుకంటా కోసేద్దాం, కొత్తది వస్తుంది.

కట్టడానికి కొబ్బరి తాడో పాత కాటన్ చీర పేలికో వాడండి. ఎనిమిది అంకె ఆకారంలో, ఒక చుట్టు జీఐ తీగకి, ఇంకో చుట్టు గులాబీకి, మధ్యలో మెలిక, చిటికెన వేలు దూరేంత వదులు. నేను ఓసారి తొందరలో కరెంటు వైరు ముక్కతో బిగించి మర్చిపోయా, ఆర్నెల్లకి అది కాండంలోకి దిగిపోయి పైదంతా ఎండిపోయింది. ఇంకో సంగతి, తీగని వైర్ల వెనక్కి దూర్చకండి, ఎప్పుడూ ముందువైపే కట్టండి, దూరిస్తే నాలుగేళ్ళ తర్వాత తియ్యడం బ్రహ్మతరం కాదు.

స్తంభానికి ఎక్కించాలంటే కూడా నిలువుగా కాదు, జడకి రిబ్బను చుట్టినట్టు చుట్టూ తిప్పుకుంటూ పోవాలి, ఎంత పడుకున్నట్టు తిప్పితే అంత పూత. ఆర్చికైతే రెండు వైపులా కాళ్ళ దగ్గర ఇలాగే మెలితిప్పండి, లేకపోతే పూలన్నీ నెత్తి మీదే ఉంటాయి.

సంక్రాంతికి పూలు కావాలంటే

మూడో ఏడు నుంచి కత్తిరింపు. మన దగ్గర కత్తిరించాక పువ్వు విచ్చుకోవడానికి చలికాలంలో 45 నుంచి 50 రోజులు పడుతుంది. జనవరి 14 నుంచి వెనక్కి లెక్కేసుకుంటే నవంబర్ 25. ఇంచుమించు కార్తీకమాసం చివర్లో పడుద్ది, అప్పటికి వానలు, తుఫాన్లు దాదాపు ఒక కొలిక్కి వస్తాయి కాబట్టి కోసిన గాయాల్లో నీరు చేరే భయం కూడా తక్కువ. దీపావళి సెలవులున్నాయి కదా అని ముందే కోస్తే పూత డిసెంబర్లోనే అయిపోయి పండక్కి ఆకులే మిగులుతాయి.

కొయ్యాల్సింది ఏంటంటే, పడుకోబెట్టిన పెద్ద తీగల్ని ముట్టుకోవద్దు. వాటి మీద పైకి లేచి పోయినేడు పూసిన పక్కకొమ్మలున్నాయి చూశారూ, వాటిని రెండు మూడు కన్నులు ఉంచి కోసెయ్యండి. బయటికి చూస్తున్న కన్నుకి పావంగుళం పైన, వాలుగా. ఎండిన పుల్లలు, గోడ వైపు పోయినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి తీసెయ్యండి. తర్వాత అన్నిటికంటే ముసలి తీగ ఒక్కటి చూసి మొదలుకంటా కొయ్యండి, దాని జాగాలో ఆ ఏడు కిందనుంచి వచ్చిన కొత్త తీగని వంచండి. ఇలా ఏటా ఒకటి మారిస్తే పందిరి ఎప్పుడూ పడుచుగానే ఉంటుంది. కత్తెరని ప్రతి మొక్కకీ మధ్యలో స్పిరిట్‌తో తుడవండి. వేలి లావు దాటిన గాయాలకి కాపర్ ఆక్సీక్లోరైడ్ పొడి నీళ్ళలో ముద్దలా కలిపి పుయ్యండి, మన తేమకి అక్కణ్ణుంచే కొమ్మ ఎండు మొదలై కిందకి దిగుద్ది.

కోసిన వారానికి ఒక గంప మాగిన ఎరువు, 100 గ్రాముల వేపపిండి మొదలుకి జానెడు దూరంగా వేసి మట్టి కలిపి నీళ్ళు. చిగురు రెండంగుళాలు వచ్చాక వేరుశనగ చెక్క వారం నానబెట్టి ఒకటికి పది పాళ్ళు నీళ్ళు కలిపి పదిహేను రోజులకోసారి పొయ్యండి. వాసన భరించలేం, చుట్టాలొచ్చే ముందురోజు పెట్టుకోకండి. మొగ్గ కనపడ్డాక ఎస్‌ఓపీ (సల్ఫేట్ ఆఫ్ పొటాష్) అనే పొటాష్ ఒక చెంచా. మామూలు ఎర్ర పొటాష్‌లో క్లోరైడు ఉంటుంది, అసలే ఉప్పు ఛాయ ఉన్న నేలలకి అది వద్దు.

నీళ్ళ సంగతి

వానాకాలంలో నీళ్ళు పొయ్యడం కన్నా బయటికి పంపడమే పని, మెరక చుట్టూ చిన్న బోదె తీసి పెట్టుకోండి. చలికాలంలో రెండు మూడు రోజులకోసారి. ఎండాకాలం రోజూ, పొద్దున్నే, మొదట్లో, ఆకుల మీద కాదు. కాలవలకి నీళ్ళు ఆపేశాక చాలామంది బోరు నీళ్ళమీదే ఆధారపడతారు, సముద్రానికి దగ్గర ఊళ్ళలో ఆ నీళ్ళు ఉప్పగా ఉంటే ఆకు అంచులు కాలినట్టు అవుతాయి, అది తెగులనుకుని మందులు కొట్టినవాళ్ళని చూశా. అలాంటిచోట డాబా మీది వాన నీళ్ళు ఒక డ్రమ్ములో పట్టుకోగలిగితే పట్టుకోండి. మొక్క మొదట్లో ఎండుగడ్డో కొబ్బరి పీచో నాలుగంగుళాలు పరిచి కాండానికి తగలకుండా ఉంచితే సగం నీళ్ళు మిగులుతాయి.

తెగుళ్ళు

వానాకాలం నల్లమచ్చ తెగులు రాకుండా ఉండదండి, దాంతో రాజీపడాలి. ఆకు ఏడెనిమిది గంటలు తడిగా ఉంటే చాలు దానికి. రాలిన ఆకు ఏరి కాల్చెయ్యండి, అది చేస్తే సగం మందు కొట్టినట్టే. చలికాలం మంచుకి లేత చిగురు మీద బూడిద తెగులు వస్తుంది, లీటరుకి 2 గ్రాముల నీట కరిగే గంధకం, చల్లటి పూట. ఎండలో కొడితే ఆకు మాడుద్ది. పేనుబంకకి వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు. గంధకం, వేపనూనె కలిపి మాత్రం కొట్టకండి, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య కనీసం రెండు వారాలు ఎడం ఉండాలి. తొలకరి పడ్డ రాత్రుళ్ళు పెంకు పురుగులొచ్చి తెల్లారేసరికి ఆకులన్నీ జల్లెడ చేసి పోతాయి, టార్చి వేసి సబ్బు నీళ్ళ గిన్నెలోకి దులపడమే.

గోడకి కట్టిన గులాబీకి అసలు శత్రువు పొలుసు పురుగు. కనపడదు, ఎందుకంటే గోడ వైపునే ఉంటుంది. తీగ వెనక ఎర్రటి, తెల్లటి పొక్కుల్లా అంటుకుని రసం పీల్చుద్ది. నెలకోసారి చిన్న అద్దం పెట్టి వెనక్కి చూడండి, నవ్వుకుంటారు గానీ నేను అలాగే చూస్తా. ఉంటే పాత టూత్‌బ్రష్‌తో సబ్బు నీళ్ళు పెట్టి రుద్ది, తర్వాత వేపనూనె.

తుఫాను హెచ్చరిక వచ్చిందంటే కట్లు విప్పకండి, ఇంకో నాలుగు కట్టండి, కట్టకుండా ఊగుతున్న కొసల్ని కోసెయ్యండి. వెలిశాక ఉప్పుగాలి తగిలిన ఆకుల్ని మంచినీళ్ళతో కడిగి, వేళ్ళు కదిలుంటే మట్టి తొక్కి పెట్టండి.

పూత వచ్చాక వాడిన పువ్వుని రెండు ఆకుల కిందకి కోస్తూ ఉంటే మార్చిదాకా వస్తూనే ఉంటుంది. తర్వాత ఎండలు ముదిరాక పువ్వు చిన్నదవుద్ది, రేకులు మాడినట్టు ఉంటాయి, అప్పుడు కత్తెర పట్టుకోకండి, ఆకులే దానికి గొడుగు.

ఇంకోటి, పండక్కి పూసిందంటే వీధిలో వాళ్ళంతా ఒక కొమ్మ ఇవ్వమంటారు. వాళ్ళని జులై, ఆగస్టులో రమ్మనండి. పెన్సిలు లావు, జానెడు పొడుగు కొమ్మ, రెండొంతులు ఇసక ఒక వంతు ఎరువు కలిపిన కవర్లో సగం దిగేసి నీడన పెడితే కొన్నయినా బతుకుతాయి, అంటు లేకపోయినా పర్లేదు. మా అమ్మకి ఇది చెప్పడం మర్చిపోయా, మొన్న సంక్రాంతికి ఎదురింటి పిన్నిగారికి ఇస్తానని నేను నెలరోజులు కష్టపడి వంచిన తీగే తెంపి ఇచ్చింది, "మధ్యలో అడ్డంగా ఉంది కదరా, అందుకే" అంది.